బావా బావమరుదుల మధ్య ప్రభుత్వం

ప్రశ్న: మేము పద్దెనిమిదేళ్లుగా టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాం. మా వారు వరంగల్ ఆర్‌ఈసీలో చదువుకున్నారు, కొన్నాళ్లు ఉద్యోగం చేసి ఇప్పుడు రెండు గ్యాస్ స్టేషన్లు నడుపుతున్నారు. మా తమ్ముడు న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఇద్దరూ ఇక్కడి పౌరులే. మా వారు రిపబ్లికన్లకు, తమ్ముడు డెమొక్రాట్లకు ఓటు వేస్తారు. అమ్మానాన్నలకు తమ్ముడు స్పాన్సర్ చేస్తే మూడేళ్ల క్రితం గ్రీన్ కార్డులు వచ్చాయి. నాన్న మా జిల్లాలో హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు.

పోయిన థాంక్స్‌గివింగ్‌కు అందరం మా ఇంట్లో కలిశాం. అంతకు రెండు నెలల ముందు నాన్నకు స్టెంటు వేశారు. భోజనాల దగ్గర ఆసుపత్రి బిల్లు మాట వచ్చింది. "ఈ వయసు వాళ్లకు వైద్యం చూడడం గవర్నమెంటు బాధ్యత కాదా బావా" అన్నాడు తమ్ముడు. "నీ తల్లిదండ్రుల్ని చూడడానికి ఎవరో ట్రక్కు డ్రైవరు కట్టిన టాక్స్ కావాలా" అన్నారు మా వారు. "కోవిడ్ అప్పుడు మీకు మాఫీ అయిన లోను ఎవరి టాక్స్" అని వాడు. "గవర్నమెంటు ఏ పనీ సరిగ్గా చేయదు" అని ఈయన. "చలికి కరెంటు పోయినప్పుడు మీ టెక్సాస్ ఎలా చేసిందో చూశాంగా" అని వాడు. ఆ వారం మా వారు జనరేటర్ పెట్టి స్టోరు తెరిచి, చుట్టుపక్కల వాళ్లకు పాలు, నీళ్ల సీసాలు డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. ఆ మాట ఆయనకు తగిలింది. గొంతులు లేచాయి. తమ్ముడు పెరుగన్నం దాకా రాకుండానే లేచి చేయి కడుక్కున్నాడు.

ఐదు నెలలైంది, ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆగస్టులో నాన్నకు డెబ్బయ్యో ఏట చేసే భీమరథ శాంతి చేయాలి. వాడు మా గడప తొక్కనంటున్నాడు. మన ఊళ్లో పార్టీ గొడవలు చూస్తూనే పెరిగాను గానీ, గవర్నమెంటు ఈ పని చేయాలా వద్దా అని ఇంట్లో వాళ్లు విడిపోవడం ఎరగను. ఎవరిది న్యాయం? ఇద్దరినీ ఎలా కలపాలి?

– టెక్సాస్ నుంచి ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీ తమ్ముడు పెరుగన్నం దాకా రాకుండా లేచిపోయాడన్న చోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఇలాంటి ఉత్తరాలు నాకు ఈ నాలుగైదేళ్లలో చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లులూ అక్కలూ రాసినవే. మీకు జవాబు చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. అమెరికా మధ్య పశ్చిమంలోని ఒక రాష్ట్రంలో రహదారుల శాఖలో ఇరవై ఎనిమిదేళ్లు వంతెనల తనిఖీ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. గవర్నమెంటు ఏ పనీ సరిగ్గా చేయదన్న మాట నా ముఖం మీదే ఎన్నోసార్లు విన్నాను, కొన్నిసార్లు అది నిజమేనని లోలోపల ఒప్పుకున్నాను కూడా.

మీకు ఈ గొడవ కొత్తగా అనిపించడానికి కారణం మనం పెరిగిన చోటులో ఉంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక, పేదవాడి ఇంట్లో అన్నం ఉడకడం ప్రభుత్వం పట్టించుకోవలసిన విషయమా కాదా అన్న ప్రశ్న మన రాష్ట్రంలో దాదాపు ముగిసిపోయింది. కిలో ధర పెరిగింది, తగ్గింది, కార్డుల రంగులు మారాయి, బియ్యం మాత్రం ఆగలేదు. 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ తెచ్చింది. తరవాత వచ్చిన ప్రభుత్వాలు, రాష్ట్రం రెండైన తరవాత కూడా, దానికి పేరు మార్చాయో పరిమితి పెంచాయో గానీ తీసివేస్తామని ఓటు అడగలేదు. మన దగ్గర పార్టీల పోటీ ఎవరు ఎక్కువ ఇస్తారు, ఎవరు ఇచ్చింది మధ్యలో మింగకుండా చేరుస్తారు అన్న దాని మీద నడుస్తుంది. అసలు ఇవ్వడం ప్రభుత్వం పనేనా అని నిలదీసే పెద్ద పార్టీ మనకు లేదు. అమెరికాలో ఉంది, అదే రిపబ్లికన్ పార్టీ. దాని వెనక దుర్మార్గమో పిసినారితనమో ఉందనుకుంటే మీ వారిని మీరు ఎప్పటికీ అర్థం చేసుకోలేరు.

ఈ దేశం రాజు మీద తిరగబడి పుట్టింది. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్లు కేంద్ర ప్రభుత్వానికి ఏయే అధికారాలు ఇస్తున్నారో లెక్కపెట్టి రాశారు. 1791లో చేర్చిన పదో సవరణ, అలా అప్పగించని అధికారాలు రాష్ట్రాలకో ప్రజలకో మిగిలి ఉంటాయని చెప్పింది. అదే ఏడు జాతీయ బ్యాంకు పెట్టే బిల్లు తన ముందుకు వచ్చినప్పుడు అధ్యక్షుడు వాషింగ్టన్ మంత్రుల అభిప్రాయాలు రాతపూర్వకంగా అడిగాడు. రాజ్యాంగంలో బ్యాంకు మాట ఎక్కడా లేదు గనక ఆ అధికారం కేంద్రానికి లేదని జెఫర్సన్ రాశాడు. ఒక పని అప్పగించినప్పుడు ఆ పనికి కావలసిన సాధనాలు సమకూర్చుకునే అధికారం కూడా అందులోనే ఉందని హామిల్టన్ రాశాడు. వాషింగ్టన్ హామిల్టన్ మాట విని సంతకం చేశాడు గానీ వాదన అక్కడితో తీరలేదు. మీ ఇంట్లో జరిగిన వాదన వయసు రెండు వందల ముప్పై ఏళ్ల పైమాటే. ఆ ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో కూర్చున్న మనుషులు.

అప్పట్లో గొడవ ఎక్కువగా కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య సరిహద్దు గురించి. ఒక ముసలాయన మందుల ఖర్చు కేంద్ర ప్రభుత్వం పట్టించుకోవాలా అన్న ప్రశ్న 1929 తరవాత వచ్చింది. మహా మాంద్యంలో బ్యాంకులు మూతపడి, జీవితమంతా దాచుకున్నది పోగొట్టుకున్న వృద్ధులు పిల్లల మీద పడ్డారు. ఆ పిల్లలకే పని లేదు. కుటుంబమూ చర్చీ ఊరి దాతలూ చూసుకుంటారన్న పాత ఏర్పాటు, కుటుంబమూ చర్చీ దాతలూ అందరూ ఒకేసారి కూలినప్పుడు నిలబడలేదు. 1932లో డెమొక్రాట్ అయిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా గెలిచాడు, 1935 ఆగస్టులో వృద్ధులకు పెన్షను ఇచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. 1965లో అదే పార్టీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్, అరవై ఐదేళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే మెడికేర్ బిల్లు మీద మిస్సోరీలోని ఇండిపెండెన్స్ ఊళ్లో, అప్పటికి ఇరవై ఏళ్ల ముందే దేశమంతటికీ ఆరోగ్య బీమా కావాలని అడిగి ఓడిపోయిన హ్యారీ ట్రూమన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని సంతకం చేశాడు. మెడికేర్ మొదటి కార్డు ట్రూమన్‌దే. అటువైపు 1981 జనవరిలో రిపబ్లికన్ అయిన రొనాల్డ్ రీగన్ ప్రమాణ స్వీకారం చేస్తూ, ఇప్పటి సంక్షోభంలో ప్రభుత్వం మన సమస్యకు పరిష్కారం కాదనీ, ప్రభుత్వమే సమస్య అనీ అన్నాడు. మీ వారు ఆ మాట చదివినా చదవకపోయినా ఆయన ఓటు వెనక ఉన్నది అదే. 1996లో డెమొక్రాట్ అయిన క్లింటనే పెద్ద ప్రభుత్వాల కాలం ముగిసిందని కాంగ్రెసు ముందు చెప్పాడంటే ఆ గాలి ఎంత బలంగా వీచిందో మీరు ఊహించవచ్చు.

ఇక మీ ఇంటి సంగతికి వస్తాను. ఒక గ్యాస్ స్టేషన్ యజమానికి ప్రభుత్వం ఏ రూపంలో ఎదురవుతుందో మీరు రోజూ చూస్తున్నారు. రెండు వారాలకోసారి పనివాళ్లకు చెక్కులు రాసేటప్పుడు వాళ్ల జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోసి, అంతే మొత్తం తన జేబులోంచి కలిపి పంపాలి. భూమిలో పాతిన పెట్రోలు ట్యాంకు కారుతోందేమో చూడడానికి ఒక ఇన్‌స్పెక్టరు, పంపు కొలత చూడడానికి ఇంకొకరు, బీరు లైసెన్సుకు వేరొకరు, కౌంటరు మీద పెట్టిన సమోసా వేడి చూడడానికి మరొకరు వస్తారు. ఆ తనిఖీలన్నింటికీ కారణాలు ఉన్నాయి, ట్యాంకు కారితే ఊరి నీళ్లు పాడవుతాయి. కానీ తెల్లవారుజామున నాలుగింటికి షట్టరు తీసే మనిషికి ప్రభుత్వం అంటే ఫైలు పట్టుకుని తలుపు తట్టే అపరిచితుడు. మీ తమ్ముడికి ప్రభుత్వం కనిపించే చోటు వేరు. మందుల కౌంటరు దగ్గర ధర విని, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ వస్తానని వెళ్లిపోయే ముసలివాళ్లను అతను చూస్తాడు. 2022లో చేసిన చట్టం వల్ల మెడికేర్ ఉన్నవాళ్లకు ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటకుండా కట్టడి వచ్చింది. ఆ చట్టానికి సెనేట్‌లో ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడలేదు. నిన్నటిదాకా చీటీ మడుచుకుని వెళ్లినామె ఈ రోజు మందు తీసుకుని వెళ్లడం చూసినవాడికి, ఏ పార్టీ ఏం చేసిందో పేపరు చదివి తెలుసుకోవలసిన పని లేదు. వీళ్లిద్దరూ అబద్ధం చెప్పడం లేదు. తమ కళ్లతో చూసింది చెబుతున్నారు.

అయితే ఇద్దరూ కోపంలో అన్న మాటల్లో తప్పులున్నాయి, వాటిని దిద్దకుండా వదిలేయడం నాకు ఇష్టం లేదు. మొదట ట్రక్కు డ్రైవరు మాట. మీ నాన్నగారు ఈ రోజు మెడికేర్ సొమ్ము ఏదీ తీసుకోవడం లేదు. అరవై ఐదేళ్లు దాటి, గ్రీన్ కార్డుతో ఐదేళ్లు వరసగా ఈ దేశంలో ఉన్న తరవాతే ఆయన మెడికేర్‌లో చేరగలరు. పదేళ్ల పాటు ఇక్కడ పనిచేసి పన్ను కట్టిన చరిత్ర ఆయనకు గానీ మీ అమ్మగారికి గానీ లేదు గనక, మిగతా వాళ్లకు ప్రీమియం లేకుండా వచ్చే ఆసుపత్రి భాగానికి కూడా ఆయన నెలనెలా డబ్బు కట్టి కొనుక్కోవలసిందే. ఇక మీ తమ్ముడి మాట. గ్రీన్ కార్డు కోసం స్పాన్సర్ చేసినప్పుడు అతను ఒక అఫిడవిట్ మీద సంతకం పెట్టాడు: తల్లిదండ్రుల పోషణ భారం తనదేననీ, వాళ్లు ఆదాయాన్ని బట్టి ఇచ్చే కొన్ని ప్రభుత్వ సహాయాలు తీసుకుంటే ఆ ఖర్చు తన నుంచి రాబట్టుకోవచ్చనీ దాని అర్థం. ఆ సంతకానికి కోర్టులో నిలబడే బలం వచ్చింది 1996లో, రిపబ్లికన్ కాంగ్రెసు చేసి క్లింటన్ సంతకం పెట్టిన చట్టాలతో. కొత్తగా వచ్చినవాళ్లకు మొదట కుటుంబమే దిక్కు అన్న మీ వారి మాట, మీ నాన్నగారి విషయంలో, ఇప్పటికే చట్టం. ఆ చట్టానికి లోబడి కాగితం మీద సంతకం పెట్టింది మీ తమ్ముడు. తల్లిదండ్రుల్ని పరాయివాళ్ల మీద వదిలేస్తున్నావన్న అర్థం వచ్చే మాట, ఆ సంతకం పెట్టినవాడికి ఎక్కడ తగిలి ఉంటుందో మీ వారు ఒక్కసారి ఆలోచించాలి.

కోవిడ్ లోను గురించి కూడా ఒక మాట. 2020 మార్చిలో ఆ లోన్లు ఇచ్చిన చట్టం సెనేట్‌లో 96-0తో నెగ్గింది, ట్రంప్ సంతకం చేశారు. పనివాళ్లను తీసేయకుండా జీతాలు ఇస్తూ ఉంటే లోను మాఫీ అయ్యేట్టు దాన్ని రాశారు. మీ వారు జీతాలు ఇచ్చి మాఫీ తీసుకుని ఉంటే చట్టం కోరిన పనే చేశారు, అందులో సిగ్గుపడవలసింది లేదు. బావమరిది దాన్ని ఎత్తిపొడుపుగా వాడకుండా ఉండవలసింది. కానీ ఎత్తిపొడుపు పక్కన పెట్టి చూస్తే, అందరికీ ఒకేసారి కష్టం వచ్చినప్పుడు ప్రభుత్వం నిలబడాలని సెనేట్‌లో రెండు పార్టీలూ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఒప్పుకున్న రోజు అది. మీ వారి అభ్యంతరం ఆ రోజుల గురించి కాదని నా నమ్మకం. రోజువారీ బతుకులోకి ప్రభుత్వం ఎంత దూరం రావాలన్నదే ఆయన ప్రశ్న.

టెక్సాస్ చలి సంగతి వీటన్నింటి కంటే నాకు దగ్గరిది, ఎందుకంటే వంతెన అయినా కరెంటు తీగ అయినా చలికి తట్టుకునేలా కట్టడం ఇంజనీర్ల పని. 2021 ఫిబ్రవరిలో నలభై లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది, రాష్ట్రం అధికారికంగా లెక్కించిన మరణాలు 246. టెక్సాస్ తన గ్రిడ్‌ను చాలావరకు పక్క రాష్ట్రాలతో కలపకుండా విడిగా ఉంచుకుంది. కరెంటు రాష్ట్రం దాటకపోతే దాని మీద కేంద్ర నియంత్రణ పెద్దగా ఉండదు. ఆ స్వేచ్ఛ వల్ల పెట్టుబడులు చకచకా వచ్చాయి, గాలిమరలు దేశంలో ఎక్కడా లేనన్ని లేచాయి. అదే విడితనం వల్ల ఆ వారం పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోగలిగిన కరెంటు చాలా తక్కువైంది. 2011లో ఇలాంటి చలే వచ్చినప్పుడు, ప్లాంట్లనూ గ్యాస్ బావులనూ చలికి తట్టుకునేట్టు సిద్ధం చేయాలని కేంద్ర సంస్థల నివేదిక చెప్పింది; అది సలహాగానే మిగిలింది. 2021 తరవాత రిపబ్లికన్ల చేతిలో ఉన్న టెక్సాస్ శాసనసభే దాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఇందులో మీ తమ్ముడికి ఒక పాయింటు ఉంది, నియమం లేకపోతే ఖర్చు పెట్టేవాళ్లు తక్కువ. మీ వారికీ ఒక పాయింటు ఉంది, గ్రిడ్ మీద పర్యవేక్షణ చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కమిషనే, అదే విఫలమైంది. మీ తమ్ముడికి తెలియనిది, లేదా తెలిసీ ఆ కోపంలో మరిచిపోయినది, ఆ వారం పాలూ నీళ్లూ పంచిన మనిషి తన ఎదురుగా కూర్చున్నాడన్న సంగతి. ప్రభుత్వం చేతులెత్తేసిన చోట ఇరుగుపొరుగు నిలబడుతుందని మీ వారు నమ్ముతారు, నమ్మినట్టే చేశారు. ఆ పనిని గుర్తించకుండా ఆ వారం పేరు ఎత్తడం అన్యాయం.

ఎవరిది న్యాయమని మీరు సూటిగా అడిగారు గనక నా అభిప్రాయం దాచను. ముసలివాళ్ల వైద్యం విషయంలో నేను మీ తమ్ముడి వైపు. 1965కు ముందు ఈ దేశంలో వృద్ధుల్లో సగం మందికి దగ్గరగా ఆసుపత్రి బీమా లేదు, కారణం సోమరితనం కాదు, జబ్బు పడడం ఖాయమైన వయసు వాళ్లకు చవకగా బీమా అమ్మడం ఏ కంపెనీకీ గిట్టుబాటు కాదు. అందరూ పనిచేసే వయసులో కొంచెం కొంచెం కట్టి, పడిపోయే వయసులో తీసుకోవడం తప్ప దీనికి నాకు మరో దారి కనిపించలేదు. జీతం చీటీ మీద ఆ కోత చూసినప్పుడల్లా, నా చేతిలోంచి పోతున్నది ఎవరో తెలియని పెద్దమ్మ మంచం దగ్గరికి చేరుతోందని అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మంచం మీద నేనున్నాను.

కానీ చాలా విషయాల్లో నేను మీ వారి మాట వింటాను. నేను పనిచేసిన చోట ఒక వంతెన పిట్టగోడకు కారు గుద్ది విరిగిన ముక్క మార్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. సొమ్ము ఉంది, మనుషులున్నారు. కాగితం ఒక గది నుంచి పక్క గదికి నడవడానికి పట్టిన కాలం అది. ఆ పద్నాలుగు నెలలూ అక్కడ నారింజ రంగు పీపాలు పెట్టి ఉంచాం, రోజూ ఆ దారిన పోయేవాళ్లు వాటిని చూసి ఏమనుకుని ఉంటారో నాకు తెలుసు. ప్రభుత్వం డబ్బు ఎవరిదీ కాదన్నట్టు ఖర్చయ్యే చోట్లు నేను చూశాను. ఇక అప్పు మాట చెప్పనవసరం లేదు: 2024లో కేంద్రం సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది, అందులో అప్పు మీద వడ్డీయే రక్షణ ఖర్చును మించిపోయింది. ఈ లెక్క చూసి భయపడేవాడిని హృదయం లేనివాడనడం తప్పు, అతను తన మనవల తరఫున భయపడుతున్నాడు.

పార్టీల పేర్లతో మనుషుల్ని కొలవడం మానుకోవడానికి ఇంకా కారణాలున్నాయి. అంతర్రాష్ట్ర రహదారులు 1956లో రిపబ్లికన్ అయిన ఐసెన్‌హోవర్ తెచ్చినవి, ఖర్చులో తొంభై శాతం కేంద్రానిది. పర్యావరణ సంస్థను 1970లో నెలకొల్పింది నిక్సన్. మెడికేర్‌కు మందుల బీమా కలిపింది 2003లో బుష్. ఈ ఇద్దరూ రిపబ్లికన్లే. సరిహద్దు, పోలీసు, గర్భస్రావం లాంటి విషయాలకు వచ్చేసరికి ప్రభుత్వం గట్టిగా ఉండాలని రిపబ్లికన్లూ, తప్పుకోవాలని డెమొక్రాట్లూ అనడం మీరు వినే ఉంటారు. ఒబామా ఆరోగ్య చట్టం 2010లో ప్రతినిధుల సభలో 219-212తో, ఒక్క రిపబ్లికన్ ఓటు లేకుండా నెగ్గింది. అందులో భాగంగా పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ను ఇంకా ఎక్కువమందికి విస్తరించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీం కోర్టు తేల్చింది. మీ టెక్సాస్ ఇప్పటికీ విస్తరించలేదు, బీమా లేనివాళ్ల శాతంలో దేశంలో అదే ముందుంది. అయితే ఐడహో, యూటా, నెబ్రాస్కా, ఓక్లహామా, మిస్సోరీ, సౌత్ డకోటా – అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్లనే గెలిపించే ఈ రాష్ట్రాల్లో, ప్రశ్నను నేరుగా బ్యాలెట్ మీద పెట్టి అడిగినప్పుడు ప్రజలు విస్తరించమనే ఓటు వేశారు. మనుషుల్ని పార్టీ పేరుతో కాకుండా పని పేరుతో అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. మీ ఇంట్లో కూడా అంతే.

అందుకే, రాజకీయాలు మాట్లాడకూడదని ఇంట్లో నిషేధం పెట్టమని నేను చెప్పను. చాలామంది అలా చేస్తారు, తరవాత ఆ మౌనం వాతావరణం గురించీ క్రికెట్ గురించీ మాట్లాడుకునే అపరిచితుల్ని తయారు చేస్తుంది. ఓటు హక్కున్న ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకోవాలి. "గవర్నమెంటు" అన్న ఒక్క మాట పట్టుకుని మాట్లాడకుండా ఉంటే చాలు, ఎందుకంటే అలాంటి వస్తువు ఒకటి లేదు. నేను చూసిన వంతెనకు డబ్బులో ఎక్కువ భాగం కేంద్రానిది, నక్షా రాష్ట్రానిది, కాంక్రీటు పోసింది ప్రైవేటు కాంట్రాక్టరు, దాని కింద కాలవ పూడిక తీసేది కౌంటీ. ఫలానా పని ఎవరు చేయాలి, డబ్బు ఎవరు కట్టాలి, చెడితే ఎవరిని నిలదీయాలి అని అడిగితే, మీ వారు పదింట ఆరు పనులు ప్రభుత్వానికే అప్పగిస్తారని, మీ తమ్ముడు నాలుగింటిలో ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలంటాడని నా అనుభవం చెబుతోంది. మీ వారు చదివిన వరంగల్ కళాశాల కూడా పన్నుల సొమ్ముతో నడిచినదే. ఈ మాట ఆయన మీద విసరడానికి వాడకండి. ఏదో ఒక రోజు కాఫీ తాగుతూ, అక్కడ ఫీజు ఎంత ఉండేదో ఆయన్నే చెప్పమనండి.

కలపడం విషయంలో ముందుగా మీరు చేయవలసిన పని, మధ్యవర్తిగా ఇద్దరి మాటలూ ఇటూ అటూ మోయడం ఆపేయడం. ఇద్దరికీ విడివిడిగా ఒక్కొక్క మాట చెప్పండి. మీ వారితో, "నీ తల్లిదండ్రుల్ని చూడడానికి" అన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకోమని చెప్పండి. పన్నుల మీద ఆయన అభిప్రాయం ఆయన దగ్గరే ఉండనీయండి. మీ తమ్ముడితో, ఆ చలి వారంలో బావ ఏం చేశాడో పూర్తిగా చెప్పండి, మీరు చూసినదంతా, ఎవరెవరు వచ్చారు, ఏం తీసుకువెళ్లారు అనే వివరాలతో సహా. తరవాత ఫోను చేయమని అడగండి. వయసులో చిన్నవాడు గనక ముందు అతను చేయడం మన ఇళ్లలో సులువు, బావగారు ఎత్తకపోతే రెండోసారి చేయాలి. ఓటు ఎవరికి వేశావన్న దానికి ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పనవసరం లేదు.

ఇంకొక సంగతి. మీరు ఇంత వివరంగా రాసిన ఉత్తరంలో మీ నాన్నగారు ఆ రోజు ఏమన్నారో రాయలేదు. ఆయన గుండెకు పడిన ఖర్చు ఎవరు భరించాలని అల్లుడూ కొడుకూ కేకలు వేసుకుంటుంటే, ఆయన అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. జీవితమంతా సర్కారు బడిలో పాఠాలు చెప్పి, సర్కారు పెన్షను తీసుకుంటున్న హెడ్మాస్టరుకు ప్రభుత్వం ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న దాని మీద అభిప్రాయాలు ఉండకుండా ఉండవు. ఎంతమంది పిల్లలు మధ్యాహ్న భోజనం కోసం బడికి రావడం ఆయన చూసి ఉంటారో, ఎన్నిసార్లు సుద్దముక్కల కోసం పై ఆఫీసుకు ఉత్తరాలు రాసి ఉంటారో. ఆయన్ని అడగండి. అడిగేటప్పుడు అల్లుడు పక్కన ఉండాలి, కొడుకు ఫోనులో ఉండాలి.

ఆ తరవాత ఆయన కాగితాల ఫైలు బయటికి తీయండి. గ్రీన్ కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అని ఒక తేదీ అచ్చయి ఉంటుంది. దానికి ఐదేళ్లు కలిపి, అప్పటికి మెడికేర్‌కు దరఖాస్తు పెట్టడం, ఆలస్యమైతే ప్రీమియం పెరుగుతుంది గనక ఆ గడువు దాటకుండా చూడడం మీ తమ్ముడికి అప్పగించండి. మధ్యలో అమ్మానాన్నలు ఎక్కువ కాలం ఇండియాలో ఉండిపోతే ఈ ఐదేళ్ల లెక్క దెబ్బతినవచ్చు, ప్రయాణాల తేదీలు కూడా అతన్నే చూడమనండి. స్టెంటు బిల్లు మీ వారికి ఇవ్వండి. ఆసుపత్రి లాభాపేక్ష లేనిదైతే, కట్టలేని రోగులకు తగ్గింపు ఇచ్చే లిఖితపూర్వక విధానం దానికి తప్పనిసరిగా ఉండాలి. ముందు వివరమైన బిల్లు, ఒక్కొక్క పద్దుకూ ధరతో, అడిగి తెప్పించమనండి. బేరం ఆడడంలో గ్యాస్ స్టేషన్ నడిపే మనిషికి మించినవాడు ఆ ఇంట్లో ఉండడు. ఆ బిల్లులో మందుల పద్దులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడానికి ఆయనకు ఒక ఫార్మసిస్టు కావలసి వస్తుంది.